ఊటబురుజు కాపరి

సోమవారం, ముసురు

ఏ రోజు జరిగింది ఆ రోజు జరిగినట్టు రాయాలని మా దళం నియమం. జరిగింది రాస్తే పెద్దాఫీసుకి నచ్చదు. వాళ్ళకి నచ్చేది రాస్తే నాకు అన్నం సహించదు. కాబట్టి జరిగిందే రాస్తున్నాను, చదివి ఏడిస్తే ఏడవనీ.

పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి ఎక్కాం కనుమ. సామాను మోసే ఇనుప గాడిద రెండుసార్లు జారి బురదలో కూలబడింది. దాన్ని లేపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కాళ్ళ నిండా జలగలు. నాతో వచ్చిన ఇమ్మానియేలు మాత్రం పాట పాడుకుంటూ ఎక్కాడు. యంత్రాలు బాగుచేసే మనిషి, మంచివాడు, వంట కూడా చేస్తాడు. పాడకుండా ఉండలేకపోవడమే అతనితో వచ్చిన చిక్కు.

గట్ల యుద్ధం ముగిసి నలభై ఏళ్ళు దాటింది. అటువాళ్ళూ ఇటువాళ్ళూ రాజీపడి సంతకాలు పెట్టుకున్నారు, ఇప్పుడు పిల్లల్ని ఇచ్చిపుచ్చుకుంటున్నారు కూడా. గట్ల మీద బురుజులకి మాత్రం ఆ కబురు ఎవరూ చెప్పలేదు. దండు దిగిపోయినా లోపల కాపరి యంత్రాలు తుపాకి పట్టుకుని మేలుకునే ఉన్నాయి. వాటి దగ్గరికి వెళ్ళి నిద్రపుచ్చడం మా పని. ఊళ్ళలో మమ్మల్ని జోలపాటోళ్ళంటారు. మర్యాదకి అంటారో వెక్కిరింతకి అంటారో ఇంతవరకూ తేల్చుకోలేకపోయాను.

ఈ బురుజు సంగతి వేరు. దీన్ని కట్టిన దండు యుద్ధంలోనే పోయింది, లోపలికి వెళ్ళే సంకేతపదం వాళ్ళతోనే పోయింది. పైగా బురుజుని సరిగ్గా ఊట నోటి మీదే తవ్వారు. ఆ నీళ్ళు తిప్పే చిన్న చక్రంతోనే కాపరికి కరెంటు. కింద ఊటపుట్టు అనే ఊరికి తాగడానికి ఉన్నది ఆ ఊటొక్కటే. ఆదివారం లోపల మేం కాపరిని నిద్రపుచ్చకపోతే పేల్చే దళం వచ్చి బురుజుని లేపేస్తుంది. బురుజుతో పాటు ఊట పూడిపోతుంది. ఊరివాళ్ళని మైదానంలో రేకుల కాలనీకి తోలేస్తారు. ఆ కాలనీ నేను చూశాను. మనుషులుండే చోటు కాదది.

ఊరి పెద్ద ఒక ఆడమనిషి, వంతల బుద్రి. నా వయసే ఉంటుంది. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, చంకన నీళ్ళ కుండతో ఎదురొచ్చింది.

"మీరేనా జోలపాటోళ్ళు? ఇంత మందేనేటి?" అంది.

"ఇద్దరం చాలు" అన్నాను.

"సాల్తే మంచిదే. ముందు నీల్లు తాగండి. పేనం లేనట్టున్నారు."

కనుమ దగ్గర పెద్ద రాళ్ళగుట్ట ఉంది. రాళ్ళమ్మ అంటారట. దానికి ఎదురుగా, కేక వేస్తే వినపడేంత దూరంలో బురుజు. గుట్ట దాటితే ఊటా, దాని వెనక చీపురుగడ్డీ, విస్తళ్ళు కుట్టే అడ్డాకూ దొరికే అడవీ. బుద్రి తన కోడలి మీద ఏవో చాడీలు చెబుతూనే దారిపక్క రాయొకటి తీసి గుట్ట మీద పెట్టి, చేయి చీరకి తుడుచుకుని సాగిపోయింది. "ఎత్తకమ్మా రాయి! కింద ఏ మందుపాతర ఉందో!" అని అరిచాను. మా వృత్తిలో చేరిన రోజునే మూడు మాటలు నేర్పుతారు. వంగొద్దు, ముట్టొద్దు, ఎత్తొద్దు. ఆ మాటలు వినకుండా రాళ్ళెత్తిన వాళ్ళు ఇద్దరు నా కళ్ళముందే పోయారు.

బురుజులోంచి గొంతు వినిపించింది. "మీరు మావారే. వెళ్ళవచ్చు."

బుద్రి వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయింది. వెనక మేం అడుగేశాం.

"ఆగవలెను. మీరు మావారు కారు."

ఇంకో అడుగు వేస్తే మళ్ళీ అదే మాట. మూడో అడుక్కి తుపాకి పేలి, మా కాళ్ళముందు నేల లేచి మొహాన కొట్టింది. ఇద్దరం బోర్లా పడి వెనక్కి పాకాం. ఇమ్మానియేలు పాట ఆగింది. ఇవాళ జరిగిన మంచి అదొక్కటే.

మంగళవారం, మధ్యాహ్నం కాస్త ఎండ

ఎండగుడ్డ పరిచి బ్యాటరీలు నింపుకున్నాం. అవి నిండేలోపు మబ్బేసింది. సగం చార్జీతో పెద్దాఫీసుని పిలిస్తే, అక్కడి నిపుణుడు అరగంట ఊదరగొట్టాడు. ఆయన ఏ గట్టూ ఎక్కలేదు, గొంతు వింటేనే తెలుస్తోంది.

"మేడమ్, అది ముఖాలను గుర్తుపడుతోంది. నలభై ఏళ్ళుగా ఆ ఊరివాళ్ళను చూస్తోంది కదా. చాలా సింపుల్."

"సింపులైతే తమరు వచ్చి చేయండి" అన్నాను. లైన్ కట్ చేశాడో, బ్యాటరీయే అయిపోయిందో తెలియదు.

ముఖాలేనట. సరే, మొహాలు కప్పుకుని వెళ్ళాం. ఆగవలెను. నేను బుద్రి చీర అడిగి వాళ్ళలాగా భుజం మీద ముడేసి కట్టుకున్నాను, ఇమ్మానియేలు గోచీ పెట్టాడు. ఊరు ఊరంతా పని మానుకుని నవ్వడానికొచ్చింది. ఆగవలెను. చెప్పులు విడిచి వెళ్ళాం. ఆగవలెను, మీరు మావారు కారు. ఆ గ్రాంథికం వింటుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. కాల్చేదేదో కాల్చు, వెధవది, ఆ వ్యాకరణం ఎందుకు?

సాయంత్రం బుద్రి వాకిట్లో కూర్చుని మొదట్నుంచీ అడిగాను.

"మీ ఊళ్ళో కొత్తగా వచ్చినవాళ్ళని ఆపుతుందా?"

"ఎందుకాపుతాది? మా సింగ్రు మేనల్లుడికి పోయిన నెలే పెళ్ళి సేసినాం. అవతల గట్టు పిల్ల. వచ్చిన రోజే నీల్లకి ఎల్లింది." సింగ్రు ఆమె మొగుడు. తక్కువ మాట్లాడి ఎక్కువ నవ్వే మనిషి, మూలన కూర్చుని చీపుళ్ళు కడుతున్నాడు.

"వచ్చిన రోజే? దాని మొహం అంతకుముందు చూడలేదుగా! ఆ పిల్ల ఏం చేసింది?"

"ఏటి సేస్తాది? నడిసింది."

"ఎలా నడిచింది?"

"కాళ్ళతోటి" అన్నాడు సింగ్రు. వాకిలంతా నవ్వింది. నేనూ నవ్వాలనుకున్నాను గానీ రాలేదు.

ముఖాల సిద్ధాంతం ఆ కొత్త పెళ్ళికూతురితో గంగలో కలిసింది. పెద్దాఫీసుకి అదే చెప్పాను. "ఆ ఊరివాళ్ళు చెప్పేది నిజమో కాదో" అన్నాడు నిపుణుడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని.

బుధవారం, ముసురు

బుద్రి వెనకాలే, ఆమె కొంగు పట్టుకుని నడిచాను. ఆమె ఎప్పట్లాగే ఏదో చెబుతూ, ఎప్పట్లాగే రాయి పెడుతూ నడిచింది. మళ్ళీ తిట్టాను. "అలవాటు తల్లీ, సెయ్యాగదు" అంది.

"ముందున్న వారు వెళ్ళవచ్చు. వెనుకనున్న వారు ఆగవలెను" అంది కాపరి.

బుద్రి వెనక్కి తిరిగి చూసిన చూపులో జాలి ఉంది. జాలి నాకు నచ్చదు.

లోహం వాసన పడదేమోనని గడియారం, బెల్టు బక్కిలు, చివరికి నా పుస్తెలు కూడా తీసి ఇమ్మానియేలు చేతికిచ్చి వెళ్ళాను. ఆగవలెను. ఎగిరే కన్ను ఒకటి పైకి పంపితే కాకిని కొట్టినట్టు కొట్టేసింది. దాని ఖరీదు ఎవరిచేత కట్టిస్తారో చూడాలి. ఇమ్మానియేలు గంజి కాస్తూ మా మూడు మాటల్ని కీర్తన బాణీలో పాడడం మొదలెట్టాడు. వంగొద్దూ, ముట్టొద్దూ, ఎత్తొద్దూ.

"ఇంకోసారి పాడావంటే ఆ గంజి నీ నెత్తిన పోస్తాను."

"పాడితే బుర్ర పనిచేస్తుందక్కా."

"ఎవరిది?"

గంజిలో ఉప్పు వేయడం మరిచిపోయాడు. ఇద్దరం అలాగే తాగాం.

ఏ పనీ కాలేదన్న ఉక్రోషంతో సాయంత్రం కనీసం ఒక్క పనైనా నియమం ప్రకారం చేద్దామనిపించింది. తుపాకి అందేంత మేరలో పరీక్ష చేయని గుట్ట ఏదున్నా చుట్టూ ఎర్ర తాడు కట్టాలి. రాళ్ళమ్మ గుట్టని ఎవరూ ఎప్పుడూ పరీక్షించలేదు. చిన్నపిల్లలు కూడా వచ్చి రాళ్ళు పడేసి పోతున్నారు. కాపరి ఆపే గీతకి ఇవతలే కాబట్టి మేం దాని చుట్టూ తిరగగలిగాం. నాలుగు మేకులు దిగ్గొట్టి తాడు కట్టి, పుర్రె బొమ్మ తగిలించి, ఊరందర్నీ పిలిచి చెప్పాను. "తాడు దాటకండి. రాయి ఎత్తకండి, వేయకండి. కింద ఏదైనా ఉంటే పేలుతుంది."

"రాళ్ళమ్మకి కోపం రాదేటి?" అంది ఒక ముసలామె.

"కాళ్ళు పోతే ఏ అమ్మ తెచ్చిస్తుంది?" అన్నాను.

బుద్రి అందరివైపూ తిరిగి, "పెద్దమనిసి, మన మంచికే సెప్తంది. ఇనండి" అంది. అంతా సరేనన్నారు. మంచి జనం. రాత్రి హాయిగా నిద్రపోయాను. అది తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చెంపలు వాయించుకోవాలని ఉంది.

గురువారం, వాన

పొద్దున్నే తుపాకి చప్పుడుకి లేచాను. ఇమ్మానియేలు పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, ఊరివాళ్ళని ఆపుతోంది!"

వెళ్ళేసరికి గీత దగ్గర ఆడవాళ్ళు బిందెలు నేలమీద పడేసి వెనక్కి వెనక్కి వస్తున్నారు. కొన్ని బిందెలకి చిల్లులు. ముందు సింగ్రు నేలమీద ఉన్నాడు, పిక్కలోంచి రక్తం. ఆడవాళ్ళని ఎందుకాపిందో కనుక్కుందామని ముందుకి నడిచాడట. దానికి తను తెలుసుకదా అనుకున్నాడు. మూడో అడుక్కి నేలకే కాల్చింది గానీ రాతి పెచ్చు లేచి పిక్కలో దిగింది. ఇమ్మానియేలు పాకుతూ వెళ్ళి అతన్ని ఇవతలికి లాగాడు. పెచ్చు తీసి కట్టు కట్టాం. ప్రాణానికి భయం లేదు. పెచ్చు తీస్తుంటే సింగ్రు ఒక్కసారి కూడా నవ్వలేదు.

బురుజు అదే గొంతుతో, పద్ధతిగా, బుద్రికి చెబుతోంది. "ఆగవలెను. మీరు మావారు కారు."

బుద్రి నావైపు తిరిగింది.

"నా సిన్నప్పట్నించి ఒక్క రోజు ఆపనేదు. మీరొచ్చినారు, ఇలగయింది. ఏటి సేసినారు దాన్ని?"

"మేమేం చేయలేదు, బుద్రీ. మమ్మల్ని దగ్గరికే రానివ్వలేదు కదా."

"మరి ఏటి సేసినారు?" అని మళ్ళీ అడిగింది.

నేనేం చేశానంటే, నియమం ప్రకారం పెద్దాఫీసుకి కబురు చేశాను. కాపరికి మతి చలించింది, ఎరిగినవాళ్ళని కూడా కాలుస్తోంది అని చెప్పాను. యంత్రం పాతబడింది, ఇంకేం కారణం ఉంటుందిలే అనుకున్నాను. వాళ్ళు క్షణం ఆలోచించలేదు. ఆదివారం దాకా ఆగడం ప్రమాదమట. శనివారం పొద్దున్నే పేల్చే దళం వస్తుందట. శుక్రవారం సాయంత్రానికి ఊరు ఖాళీ చేయించాలట. అది కూడా మా చేతే.

"ఇంకో రెండు రోజులివ్వండి" అన్నాను.

"మేడమ్, మతి చలించిందని రిపోర్టు ఇచ్చింది మీరే" అన్నాడు.

నిజమే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఇక్కడ గోరుచుట్టు నాది, రోకలి పట్టుకున్న చేయి కూడా నాదే.

శుక్రవారం, పొద్దున్న తెరిపి

ఊరు మూట కడుతోంది. ఏడుపులు లేవు. ఏడిస్తే తిట్టి ఓదార్చేదాన్ని. కోళ్ళని గంపల కింద మూస్తున్నారు, చీపురు కట్టలు ఏం చేయాలో తెలియక వాకిళ్ళలో పేరుస్తున్నారు. రెండు రోజులుగా ఊటనీళ్ళు లేవు. గుడ్డలు పరిచి వాన నీళ్ళు పట్టుకుని తాగుతున్నారు. బుద్రి వాకిట్లోకి వెళితే సింగ్రు మంచం మీద అటు పక్కకి తిరిగి పడుకున్నాడు. బుద్రి రోలు దొర్లిస్తోంది.

"రోలు ఎక్కడికి మోస్తావ్?" అన్నాను.

"ఒగ్గీసి ఎల్తే మీరు పేల్సీరా?" అంది, తల ఎత్తకుండా.

అక్కడ నిలబడలేకపోయాను. తిన్నగా కనుమకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో రాయమంటే రాయలేను. ఒళ్ళు తెలియని కోపం. కాపరి మీద, నిపుణుడి మీద, ముసురు మీద, నా మీద. గుట్టకి ఇవతల, తాడు పక్కన నిలబడి నోటికొచ్చిందంతా తిట్టాను.

"ఒరే, నీ మొహం మండా! నీకేం కావాలిరా? యుద్ధం లేదు, దండు లేదు, ఎవరి కోసంరా ఈ కాపలా? నీళ్ళకెళ్ళే ఆడవాళ్ళ మీదా నీ ప్రతాపం?"

"ఆగవలెను. మీరు మావారు కారు."

"నీ కారూ, నువ్వూ!"

కాళ్ళ దగ్గర రాయుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేలమీద రాయి ముట్టిన పాపాన పోలేదు. వంగాను, ముట్టాను, ఎత్తాను, బురుజు మీదికి బలంకొద్దీ విసిరాను. నా బలం ఎంతని! అది బురుజు దాకా పోలేదు. తాడు మీంచి వెళ్ళి రాళ్ళమ్మ గుట్ట మీద టక్కున పడింది.

బురుజులోంచి మళ్ళీ అదే గొంతు వచ్చింది.

"మీరు మావారే. వెళ్ళవచ్చు."

నేను కదల్లేదు. వెనక కట్టెలు తెస్తున్న ఇమ్మానియేలు మోపు కింద పడేసిన చప్పుడు వినిపించింది.

"అక్కా, ఏం చేశావు?"

"రాయి వేశాను" అన్నాను. అని, ఆ మాట నా చెవినే పడేసరికి గుట్ట వైపు తిరిగి చూశాను.

ఆ కొత్త పెళ్ళికూతురు ఏం చేసింది? నడిచింది. నడుస్తూ అత్తవారి వెనకే రాయి పెట్టింది. రాయి పెట్టడం ఈ ఊళ్ళో ఒక పని కాదు, ఊపిరి తీసినట్టు. అడిగితే ఎవరికి గుర్తుంటుంది? మాకు కళ్ళెదురుగా కనిపిస్తూనే ఉంది, నేను తిడుతూనే ఉన్నాను. దండు పోయాక, సంకేతపదం చెప్పేవాళ్ళు లేక, మనవాళ్ళెవరో పైవాళ్ళెవరో తేల్చుకోవడానికి ఆ యంత్రం ఏళ్ళ తరబడి చూసి చూసి ఇదొక్కటి కనిపెట్టింది. ఇక్కడివాళ్ళు వంగి రాయి పెడతారు. పైవాళ్ళు పెట్టరు. మాలాంటివాళ్ళు చచ్చినా పెట్టరు. ఆ గుట్ట చుట్టూ తాడు కట్టి ఊరందర్నీ పైవాళ్ళని చేసింది నేను. సింగ్రు పిక్కలో పెచ్చు దించిందీ నేనే, కాపరి కాదు.

ఇమ్మానియేలుని రాయి పెట్టమన్నాను. మా మూడు మాటలూ గొణుక్కుంటూనే పెట్టాడు. వెళ్ళవచ్చు అంది. మేకులు పీకి తాడు చుట్టేసి బురుజులోకి వెళ్ళాం.

లోపల నేల కింద నీళ్ళ చప్పుడు. గోడకి దండువాళ్ళ చొక్కాలు తగిలించిన కొక్కేలు, మూల రెండు సత్తు గ్లాసులు. కాపరి అంటే బీరువా అంత పెట్టె, దాని మీద ఒక గాజు కన్ను. ప్రతి కాపరికీ ఒక కట్టుబాటు ఉంటుంది. సెలవిచ్చే హక్కున్నవాళ్ళు సెలవిస్తేనే నిద్రపోతుంది. ఇవ్వకుండా తీగ లాగితే గోడల్లో పెట్టిన మందు పేలుతుంది. ఆ సెలవిచ్చే తాళంచెవి మా దగ్గరుంది, ఇంతవరకూ అన్ని బురుజుల్లోనూ పనిచేసింది. పెట్టాను.

"ఈ తాళంచెవి దండుది" అంది కాపరి. "దండు వెళ్ళిపోయినది. ఇప్పుడు నేను ఊరివాడను."

"అయితే నేను చెబుతున్నాను, నిద్రపో. నేనూ మీవారినే అన్నావుగా."

"మీరు ఒక్క రాయి వేసినారు. వెళ్ళుటకు చాలును. సెలవు ఇచ్చుటకు చాలదు."

తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. మందున్న గోడ కాబట్టి ఆగాను.

శుక్రవారం, పొద్దు వాలుతుండగా

బుద్రి రోలు ఇంకా వాకిట్లోనే ఉంది. కూర్చోకుండా, నీళ్ళు నమలకుండా చెప్పేశాను. రాయి పెట్టకపోవడం వల్లే ఆపిందనీ, పెట్టొద్దన్నది నేనేననీ, సింగ్రు దెబ్బ నా వల్లేననీ. పేల్చే దళాన్ని తొందరపెట్టిందీ నా నోరేనని కూడా చెప్పాను. ఆమె విన్నంతసేపూ అడ్డపొగ నోట్లోనే ఉంది. సింగ్రు ఇటు తిరిగాడు.

"రాయికా?" అన్నాడు. "రాయికా నన్ను కొట్టింది?"

"ఇప్పుడు దానికి సెలవివ్వగలిగింది నువ్వే, బుద్రీ. నీ అంతగా రాళ్ళు పెట్టినవాళ్ళు ఊళ్ళో లేరు. పొద్దుపోతే చూపు ఆనక అది ఎవర్నీ రానివ్వదు. రావా?"

"నువ్వు తాడు కట్టమంటే కట్టించుకున్నాం, ఇప్పమంటే ఇప్పాలా?" అని లేచింది. "నీ కోసం రాను. నీల్ల కోసం వస్తన్నాను."

గుట్ట దగ్గర ఆగి, ఈసారి మాట్లాడకుండా రాయి పెట్టింది. వెళ్ళవచ్చు. నేనూ పెట్టాను. ఆమె ఊటకేసి కాకుండా బురుజుకేసి తిరిగింది. ఊరివాళ్ళు ఎవరూ ఎప్పుడూ ఆ గడప తొక్కలేదట.

గాజు కన్ను ఆమె వైపు తిరిగింది.

"మీరు మావారు. చాలా రాళ్ళు పెట్టినారు. మొదటి రాయి మీ తల్లి చంకనుండి వేసినారు."

బుద్రి నావైపు చూసింది. మళ్ళీ దానివైపు చూసింది. అంతలోనే కోపం గుర్తొచ్చింది.

"నా మొగుడ్ని ఏల కొట్టినావు? ఎరగవా ఆడ్ని?"

"ఆయన నడక ఎరుగుదును. రాయి పెట్టలేదు. ఏమి చేయవలెనో తెలియలేదు. నేలకు కాల్చితిని."

"తాడు కట్టీసింది ఈవిడ."

"ఈవిడయును మావారే. ఒక రాయి విసిరినారు. ఒకటి పెట్టినారు."

బుద్రికి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది గానీ నవ్వేసింది. నాకు మాత్రం సిగ్గేసింది. తర్వాత ఆమె గచ్చు మీద, దాని ఎదురుగా చతికిలబడి, చుట్టానికి చెప్పినట్టు చెప్పింది.

"యుద్దం అయిపోనాది, నాయినా. శానా ఏళ్ళయింది. నీకు ఎవులూ సెప్పనేదా?"

"చెప్పలేదు."

"మేం రోజూ నీ ముందునించే ఎల్తన్నాం. నువ్వు ఎల్లమంటన్నావు, మేం ఎల్తన్నాం. నీకూ ఓ మాట సెప్పాలని ఒక్కరికీ తోసనేదు." పెట్టె దగ్గరికి జరిగింది. "ఎవులూ రారింక. నీల్లు మేం సూసుకుంటాం. నువ్వింక పడుకో."

నేల కింద నీళ్ళు పారుతున్నాయి. గాజు కన్ను బుద్రి మీంచి పక్కకి తిరిగింది. ఇక అయిపోయింది, ఇదీ పనిచేయదు అనుకున్నాను.

"వెళ్ళవచ్చునా?" అంది.

ఇన్నేళ్ళలో ఇన్ని బురుజులు నిద్రపుచ్చాను. ఏ కాపరీ అడగలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

బుద్రి గచ్చు మీద చెయ్యి తడిమి, గోడ నుంచి రాలిన చిన్న పెచ్చు ఒకటి తీసి, ఆ పెట్టె ముందు పెట్టింది. చేయి చీరకి తుడుచుకుంది.

"నువ్వు మావోడివే" అంది. "ఎల్లొచ్చు."

పైన తుపాకి మెల్లగా కిందికి వాలిన చప్పుడైంది. కంటి వెనక వెలుగు పోయింది. నీళ్ళ చప్పుడు మాత్రం అలాగే ఉంది.

శనివారం, ఎండ

కాపరి నిద్రపోయిందని నిన్నే చెప్పాను. పెద్దాఫీసు నమ్మలేదు. ఎలా నిద్రపోయిందో నిబంధనల్లో లేదట, స్వయంగా చూసి నిర్ధారించుకోవడానికి పేల్చే దళం నాయకుడు వస్తాడట. వచ్చాడు. కొత్త బూట్లు, జలగలు పట్టకుండా మోకాళ్ళ దాకా పూసుకున్న మందు. మనిషి ఆయాసపడుతూనే పెత్తనం మొదలెట్టాడు.

ఊటపుట్టులో మూటలు విప్పుతున్నారు. బుద్రి రోలు మళ్ళీ దాని గుంటలో కూర్చుంది. సింగ్రు కర్ర పట్టుకుని కనుమ దాకా వచ్చి గుట్ట పక్క కూర్చున్నాడు. నాతో మాట్లాడలేదు గానీ, చీపురు ఈనెతో పళ్ళు కుట్టుకుంటూ కాస్త జరిగి చోటిచ్చాడు. ఆడవాళ్ళు నీళ్ళకి వెళ్తున్నారు. ప్రతి మనిషీ రాయి పెట్టి, ఒక్క క్షణం ఆగి, ఏ మాటా వినపడక, అప్పుడు కదులుతోంది.

నాయకుడు చేతిలో పరికరం చూసుకుంటూ తిన్నగా గుట్ట దాటబోయాడు.

"ఆగాలి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఏం మేడమ్? నిద్రపోయిందన్నారుగా?"

"నిద్రపోయింది. రాయి పెట్టి వెళ్ళండి."

"రాయా? ఎత్తడమా? మేడమ్, మన మొదటి నియమమే..."

"తెలుసు. నేనే చాలామందికి నేర్పాను. పెట్టండి."

అతను ఇమ్మానియేలు వైపు చూశాడు. ఇమ్మానియేలు ఆకాశం వైపు చూస్తూ పాట అందుకున్నాడు. ఇవాళ నేను వద్దనలేదు.

ఊట దగ్గర నిండు బిందె ఎత్తుకుంటున్న బుద్రికి ఇదంతా కనబడుతోంది. అక్కడి నుంచే కేకేసింది.

"ఎవులమ్మా ఆ బాబు? మనోడేనా?"

"ఇంకా కాదు" అని అరిచాను. "ఉండు, వంగుతున్నాడు."